చప్పుడు లేని బండి

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా గొంతు గట్టిగా పలికితే ఎలా ఉంటుందో నాకు ఇరవై రెండేళ్ల వయసులో, జనగామ నుంచి సిద్దిపేట పోయే రోడ్డు మీద, ఒక కరెంటు బండి నడుపుతున్నప్పుడు మొదటిసారి తెలిసింది. అంతకుముందు మాట్లాడలేదని కాదు. తండాలో మా అమ్మ, మా భాషలో యాడి, పిలిస్తే పలికేదాన్ని. కాలేజీలో హాజరు తీసుకునేటప్పుడు చెయ్యెత్తి పెదవులు కదిపేదాన్ని, లెక్చరర్ నా చెయ్యి చూసి వేసుకునేవాడు. ఆ మధ్యాహ్నం రోడ్డు మీద ఎవరూ లేరు. బండికి ఇంజను లేదు కాబట్టి దాని మోతా లేదు. టైర్ల కింద కంకర నలగడం తప్ప ఏమీ వినిపించడం లేదు. లైబ్రరీ పుస్తకాల్లో చదివి నోటికి వచ్చిన వాక్యాలు పైకి చెప్పడం మొదలుపెట్టాను. మొదట మెల్లగా, తర్వాత కేకలా. గట్టు మీద మేస్తున్న బర్రె తలెత్తి చూసింది. ఆ రోజు డైరీలో "బండి బాగా నడిచింది" అని మాత్రమే రాసుకున్నాను.

ఇప్పుడు అది గుర్తుకు రావడానికి కారణం కింది వాటా నుంచి వస్తున్న చప్పుడు. మహబూబాబాద్‌లో మేము అద్దెకుంటున్న ఇంట్లో కింద లావణ్య అనే నర్సు ఉంటుంది. ఈ మధ్య ఎలక్ట్రిక్ మోటార్‌సైకిల్ కొన్నది. దవాఖాన నుంచి రాగానే కిటికీలోంచి వైరు లాగి చార్జింగ్ పెడుతుంది. చార్జరులో ఒక చిన్న ఫ్యాను తిరుగుతూ గ్లాసులో చిక్కిన ఈగలా సన్నగా రొద పెడుతుంది, కాసేపటికి వేడెక్కిన ప్లాస్టిక్ వాసన మెట్ల మీదుగా పైకి వస్తుంది. కొనకముందు ఆమె నన్ను అడిగింది, "అక్కా, నువ్వు సుత నడుపుతున్నవ్ గద, ఈ బండ్లు నిలుస్తయంటవా?" అని. "నీ డ్యూటీ కాడ ఎండల పెడ్తవా, నీడలనా? ఎన్క ఎవరు కూసుంటరు? ఇంటాయన ప్లగ్గు పెట్టుకోనిస్తడా?" అని నేను అడిగాను. "నేను బండి సంగతి అడిగితె నువ్వు నా సంగతి అడుగుతున్నవేందక్కా!" అని నవ్వింది. ఆ మాట నాకు కొత్త కాదు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో జనగామలోని ఒక షాపులో, వచ్చిన ప్రతివాళ్లూ వసంతక్కతో ఆ మాటే అనేవారు.

వసంతక్కది చిల్పూరు. భూములున్న ఇల్లు. వాళ్లన్న ఊళ్లో రాజకీయం చేసేవాడు, జనగామలో ఆయనకు రోడ్డు పక్కన షట్టర్లు ఉండేవి. ఆమెకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. స్కూటరు కిక్కు కొట్టలేకపోయేది, మోటార్‌సైకిల్ గేరు తొక్కలేకపోయేది. ఎక్కడికి పోవాలన్నా తండ్రి వెనకో, అన్న వెనకో, పెళ్లయ్యాక భర్త వెనకో కూర్చునేది. ఒకసారి హైదరాబాదులో ఎవరో కరెంటు బండి చూపించి, హ్యాండిల్ దగ్గరి మీట తిప్పితే చాలన్నారట. తిప్పింది. అంతే, షాపు పెట్టాలని పట్టుబట్టింది. "నలభై ఏండ్లు ఎన్క కూసున్న, ఇగ ముందుకొచ్చిన" అని తన గురించి తనే చెప్పుకునేది. వాళ్లన్న ఒక షట్టరు ఇచ్చి, వచ్చే దసరా దాకా చూస్తాననీ, నడవకపోతే ఎరువుల దుకాణానికి ఇచ్చేస్తాననీ చెప్పాడు. ఆమె పేరు మీద పెట్టుకున్న మొదటి బోర్డు అదే.

డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న నన్ను లైబ్రరీలో ఎవరో అక్కడికి పంపారు. మాది దేవరుప్పుల దగ్గర తండా. ఇంట్లో మా భాష, బయట తెలుగు, రెండింట్లోనూ నాకు మాటలు తక్కువ. వసంతక్క నా సర్టిఫికెట్లు పక్కన పెట్టి, "పెట్రోల్ బండి నడుపొస్తదా?" అని అడిగింది. తల అడ్డంగా ఊపాను. "మంచిగైంది. పాత అలవాట్లు లేవు" అన్నది. కంపెనీ నుంచి ఒక ట్రైనరు వచ్చి, కస్టమర్లతో మంచి తెలుగు మాట్లాడాలని చెప్పి, మా యాసను అనుకరించి నవ్వించబోయాడు. అక్క నవ్వలేదు. అతను పోయాక నాతో, "బండి మన తొవ్వల నడుస్తది పిల్లా. మన మాటలనే చెప్పు" అన్నది. నేను ఏ మాటలూ చెప్పలేనని అప్పటికి ఆమెకు తెలియదు.

తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. మొదటి వారంలోనే నాకు నడపడం నేర్పి, రైల్వే స్టేషన్ వెనుక సందుల్లో తిరిగి రమ్మన్నది. ముందర ఒక ముసలమ్మ తల మీద కూరగాయల గంప పెట్టుకుని సందు మధ్యలో నడుస్తున్నది. మామూలు బండి అయితే చప్పుడు విని తనే జరిగేది. నాది ఆమె వెనక వరకు పోయినా ఆమెకు తెలియలేదు. హారన్ నొక్కితే కోడిపిల్ల అరిచినట్టు వినిపించింది. పిలుద్దామంటే నోరు రాలేదు. ఆమె మెల్లగా, నేను ఆమె వెనక అంతకన్నా మెల్లగా, సందంతా అలాగే పోయాం. చివర ఆమె ఎందుకో తిరిగి చూసి గంపతో సహా ఎగిరిపడింది. వంకాయలు మోరీ కాలువలో పడ్డాయి. "దొంగోలె ఎన్క పడి వస్తివేందే బిడ్డా! నోట్ల బెల్లం పెట్టుకున్నవా? ఓ అవ్వా అంటె నీ సొమ్మేం పోయె?" అని తిట్టింది. ఇద్దరం వంకాయలు ఏరుకున్నాం. షాపుకు వచ్చి చెబితే అక్క నవ్వి, వెంటనే నవ్వు ఆపేసింది. "గిది నవ్వే ముచ్చట కాదు. బండికి నోరు లేదు. నీకున్నది గద? మనిషి కనబడితె పిలువాలె. అవ్వా, తాతా, అన్నా, ఎవరైతె వాళ్లను. హారన్ కొడితె ఎవరికో అనుకుంటరు, పిలిస్తె తమకే అనుకుంటరు" అన్నది. సిద్దిపేట రోడ్డు మీద నన్ను ఒంటరిగా పంపింది అందుకే. అక్కడ నేను ఏం ప్రాక్టీసు చేశానో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

షాపు మధ్యలో ఒక నల్లటి మోటార్‌సైకిల్ ఉండేది. మిగతావన్నీ స్కూటర్ల ఆకారంలో ఉండేవి, ఇదొక్కటి మాత్రం మగవాళ్లు ఆగి చూసేటట్టు ఉండేది. దాని మీద కూర్చుని మీట తిప్పి, చప్పుడు రాకపోతే మొహం చిన్నబుచ్చుకునేవారు. "చప్పుడే లేకుంటె మోటర్‌సైకిల్ ఎట్లయితది? ఎడ్లు లేని బండోలె ఉన్నది" అనేవారు. వసంతక్క ఎవరికీ షాపులో బండి అమ్మేది కాదు. అది ఆమె పద్ధతి. ట్రాలీ ఆటోలో బండి ఎక్కించి వాళ్ల ఊరికి పంపేది, వెంట నన్ను పంపేది. వాళ్లు మామూలుగా ఒక రోజు ఎట్లా తిరుగుతారో అట్లాగే, అంతే బరువుతో, అదే దారిన తిరిగి చూపించాలి. "షాపు ముందర రోడ్డు మీద అందరికి నచ్చుతది. వాని చేను బాటల నచ్చాలె" అనేది. దీన్ని మేము తొవ్వ చూసుడు అనేవాళ్లం. ఎవరింటికో పోయి, వాళ్ల వెనక కూర్చుని, వాళ్లతో రోజంతా మాట్లాడవలసిన పని. నాకు అంతకన్నా పెద్ద శిక్ష ఉండదు.

పెద్దవంగర కొమురయ్య బండికి స్టీలు సామాన్లు కట్టుకుని ఊరూరు తిరిగి అమ్మేవాడు. అతనికి ఆ నల్ల బండే కావాలి. పెట్రోలు కలిసొస్తుందని లెక్కలు వేసుకుని కూర్చున్నాడు. అక్క కూడా ఆ రోజు నాతో వచ్చింది. బిందెలు, గిన్నెలు, టిఫిన్లు రెండు పక్కలా కట్టి బయల్దేరితే, చప్పుడు లేదని ఎవరూ అనలేనంత మోత. మధ్యాహ్నానికి మూడో ఊరు దాటాక బండి మెల్లగయింది, చెరువు కట్ట ఎక్కుతుంటే ఆగిపోయింది. కొమురయ్య ముందు నుంచి, నేను వెనక నుంచి తోసుకుంటూ పోయాం. ఆటోలో వెంట వస్తున్న అక్క దిగి, "కొమురన్నా, గీ బండి నీకు పనికిరాదు" అన్నది. అతనికి కోపం వచ్చింది. "అమ్మే షాపు పెట్టుకొని అమ్మనంటవేందక్కా? నేను మధ్యల ఎక్కడన్న చార్జింగ్ పెట్టుకుంట." "పూట పడ్తది నిండేటందుకు. గంతసేపు ఎవరింట్ల కూసుంటవ్?" "మరి ఎప్పుడు పనికొస్తది నా అసొంటోనికి?" అక్క బ్యాటరీల మీద చెయ్యి పెట్టింది. అప్పటివి సీసం బ్యాటరీలు, నాలుగూ కలిపితే ఒక మనిషి లేపలేనంత బరువు. "ఇవి తేలికైన నాడు. నువ్వు అన్నం తిని చెయ్యి కడుక్కునే లోపల నిండిన నాడు. వస్తదే, తప్పకుండ వస్తది. గని ఇయ్యాల రాలే" అన్నది. కొమురయ్య మాకు ఒక టిఫిన్ బాక్సు ఇచ్చి పంపాడు. ఎందుకిచ్చాడో నాకు అర్థం కాలేదు. అది ఇప్పటికీ నా దగ్గరుంది.

ఎవరికి అమ్మేది అని మీరు అడగవచ్చు. కొంతమందికి అమ్మింది. సిద్దిపేట రోడ్డు పక్క ఊళ్లో అంగన్‌వాడీ టీచరు సునంద ఉండేది. పొద్దున కేంద్రానికి, అక్కడి నుంచి పక్క ఊరికి, మళ్లీ ఇంటికి. తొవ్వ చిన్నది, బరువు లేదు, బండి పెట్టుకోవడానికి రేకుల షెడ్డు ఉంది. రోజంతా ఆమె వెనక కూర్చుని తిరిగాను. సాయంత్రానికి మేమిద్దరం చదివిన పుస్తకాల గురించి మాట్లాడుకుంటున్నాం. నా జీవితంలో నేను అమ్మిన మొదటి వస్తువు ఆ బండి. అయితే కొన్ని వారాలకు చార్జరు కాలిపోయిందని కబురు వచ్చింది. పోయి చూస్తే, సునంద భర్త చార్జరును బావి దగ్గరికి తీసుకుపోయి మోటారు స్టార్టరు డబ్బాలోంచి వైరు తీసి తగిలించాడు. వ్యవసాయం కరెంటు ఉచితం కదా, ఇంటి మీటరు ఎందుకు తిరగాలి అనుకున్నాడు. ఆ లైనులో కరెంటు ఒకసారి బల్బు ఎర్రగా వెలిగేంత, ఒకసారి బల్బు పగిలేంత వస్తుంది. అతను సిగ్గుపడుతూ తువ్వాలతో మెడ తుడుచుకుంటున్నాడు. అక్క కొత్త చార్జరు చేతికిచ్చి, "నాదే పొరపాటు. తొవ్వ చూసిన, వైరు చూడలే" అన్నది. అప్పటి నుంచి ఎవరి ఇంటికి పోయినా మొదట గోడ మీది ప్లగ్గు చూసేవాళ్లం. బండి మంచిదా చెడ్డదా అనే మాట ఆమె నోట నేను వినలేదు. ఎవరికి, ఏ తొవ్వకు, ఏ కరెంటుకు అనే అడిగేది.

దసరా దగ్గర పడుతుండగా రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూశారు, ఆఫీసుల్లో కుర్చీలు ఖాళీ అయ్యాయి. రోడ్ల మీద వంటలు వండుకుని తిన్నారు, బతుకమ్మలు కూడా రోడ్ల మీదే ఆడారు. పెట్రోలు బంకులు ఒక రోజు తెరిస్తే రెండు రోజులు మూత. మా షాపులో అప్పటికి చాలా బండ్లు అమ్మకుండా మిగిలి ఉన్నాయి. భూపాలపల్లి నుంచి సమ్మయ్య అనే బొగ్గుబాయి కార్మికుడు అంతకుముందే ఫోను చేసి నల్ల బండి అడిగాడు. రాస్తారోకో లేని రోజు చూసుకుని, ట్రాలీ ఆటోలో బండి ఎక్కించుకుని అక్కా నేనూ పోయాం. ఊరికి ఇవతల, బొగ్గుతో కరెంటు తీసే కంపెనీ పొగగొట్టం కనిపించింది. అక్క ఆటో ఆపించి, "అగో చూడు. మన బండి పొగ వదలదని చెప్తున్నం గద. గీడ వదులుతది. అడిగినోళ్లకు గిది సుత చెప్పాలె" అన్నది. ఎవరూ అడగలేదు. అయినా ఆ రోజు నుంచి ఆమె అడగకుండానే చెప్పేది.

సమ్మయ్యకు సమ్మె వల్ల డ్యూటీ లేదు. అయినా తొవ్వ చూపించాడు. క్వార్టరు నుంచి బొగ్గుబాయి వరకు మంచి తారు రోడ్డు, దూరం తక్కువ, అక్కడ నీడ, క్వార్టరులో ఎప్పుడూ కరెంటు. "గీ బండి పుట్టిందే నీ కోసం సమ్మన్నా" అని అక్క మురిసిపోయింది. అతను నల్ల బండి మీద చెయ్యి తీయకుండానే నవ్వాడు. "గని అక్కా, ఒక ముచ్చట. మేం బొగ్గు తీసుడు బంద్ పెట్టినం. బొగ్గు లేకుంటె ఆ పొగగొట్టం ఎన్ని దినాలు పొగ విడుస్తది? మా సమ్మె గట్టిగైతె నీ బండి ఆగుతది." అక్క అడిగింది, "ఎక్కువనే ఆగుతదా?" "ఊర్లల్ల దీపం సుత ఉండది." "అయితె ఆగనియ్యి" అన్నది అక్క. బండి తర్వాత తీసుకుంటానని అతను, తర్వాతే ఇస్తానని ఆమె ఒప్పుకున్నారు. అక్క కార్మికుల టెంటులోకి పోయి సాయంత్రం వరకు కూర్చున్నది. నినాదాలు ఇస్తుంటే ఆమె ముందుండి ఇచ్చింది. తర్వాత రెండు రోజులు జనగామ చౌరస్తాలోనూ అదే. మూడో రోజు పొద్దున షాపుకు వచ్చేసరికి ఆమె గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి మాత్రమే వస్తున్నది.

ఆ రోజే షాపు ముందు జనం. పెట్రోలు లేదు, బస్సు లేదు. కరెంటు బండి ఒక్కటే నడుస్తుందని ఎవరో అన్నారు, అంతే. అందరూ వెంటనే బండి కావాలంటున్నారు. ఎప్పుడూ రాని అక్క వాళ్లన్న కూడా వచ్చి, మెట్ల మీద నిలబడి సంతోషంగా చూస్తున్నాడు. ఆ పూట ఉన్న బండ్లన్నీ అమ్మితే షట్టరు నిలుస్తుంది, అది అక్కకూ, వాళ్లన్నకూ, నాకూ తెలుసు. అక్క నన్ను పక్కకు లాగి చెవిలో గాలితో చెప్పింది: "అమ్ముత లేమని చెప్పు. మొదలు కూసోమను." "కూసోండ్రి" అన్నాను. పక్కనున్న వ్యక్తికి కూడా వినిపించలేదు. అక్క నా మణికట్టు గిల్లింది. "గట్లంటె బర్రె సుత జరగదు." ఆమెకు సిద్దిపేట రోడ్డు సంగతి తెలుసా అని నాకు ఇప్పటికీ అనుమానం. ఈసారి అరిచాను. అందరూ తిరిగి చూశారు. నా గొంతు వణకలేదు. ముందు వరసలో ఒకాయన లేచాడు. "పైసలు తెచ్చినం. ఎందుకియ్యరు?" అక్క నా చెవిలో, "ఏ ఊరో అడుగు" అన్నది. "ఏ ఊరన్నా?" "దేవరుప్పుల దిక్కు." ఆ తర్వాత అక్క ఏమన్నదో నేను వినలేదు.

"మా తండా గాన్నే" అన్నాను. "మా ఇంట్ల పొద్దుగాల పోయిన కరెంటు పొద్దుమీకినంక వచ్చింది. మీ ఇంట్లనో?" "గంతే." "మరి బండి దేంతోని నిండుతది అన్నా? బొగ్గు తీసుడు బంద్ పెట్టిన్రు, మన కోసమే పెట్టిన్రు. కరెంటు ఇంక తగ్గుతది. గీ బ్యాటరీ పెట్రోల్ టాంకీ అసొంటిది కాదు. ఖాళీగ పడి ఉంటె చచ్చిపోతది, మల్ల లేవది. ఇయ్యాల కొంటె మీరు రెండు దినాలు నడుపుతరు, నెల దినాలు తిడ్తరు. సమ్మె అయినంక రాండ్రి. మీ ఇంటికొస్త, మీ తొవ్వల నడిపి చూపిస్త." ఎవరో వెనక నుంచి, "అమ్మే దుకాణంల కొనొద్దని చెప్పే పిల్లను ఎక్కడ పట్టినవ్ వసంతక్కా?" అన్నారు. నవ్వులు. అక్క చేత్తో నన్ను చూపించింది, అంతే. జనం గొణుక్కుంటూ పోయారు. ఇద్దరు ముగ్గురు తిట్టారు కూడా.

వాళ్లన్న లోపలికి వచ్చాడు. "పండుగ ముందర గిరాకి గుమ్మంలకొస్తె తరిమేస్తివి. నీ షాపును నువ్వే మూసుకుంటున్నవ్ వసంతా." అక్క నా చెవిలో చెప్పింది, నేను ఆయనకు చెప్పాలి. మా తండాలో ఆయన లాంటి భూములున్నవాళ్లను అందరూ పటేలా అనే పిలుస్తారు, నేనూ ఆయన్ను అంతే. కానీ అక్క చెప్పిన మాట "అన్నా" అని మొదలైంది. దాన్ని మార్చాలని నాకు తోచలేదు. "అన్నా, ఇయ్యాల అమ్మితె షాపు నిలుస్తది. దీపావళికి వీళ్లే చచ్చిన బండ్లు తెచ్చి షాపు ముందర పడేస్తరు. గప్పుడు షాపూ ఉండది, ఈ జిల్లాల కరెంటు బండి అనే మాటా ఉండది." ఆయన చెల్లెలి వైపు కాకుండా నా వైపే చాలాసేపు చూశాడు. "దసరా దాకనే అన్న" అని వెళ్లిపోయాడు.

తర్వాతి రోజుల్లో జనగామలో మధ్యాహ్నం కాసేపు కరెంటు వచ్చేది, ఊళ్లలో అదీ లేదు. మా దగ్గర కొన్నవాళ్లు బండ్లు తోసుకునో, బ్యాటరీలు విప్పి ఆటోలో వేసుకునో షాపుకు తెచ్చేవారు. ఉన్న ప్లగ్గులు కొన్నే. షాపులోని కొత్త బండ్లకు కూడా నెలకొకసారైనా చార్జింగ్ పెట్టకపోతే బ్యాటరీలు పాడవుతాయి, అప్పటికి అవి పెట్టి చాలా రోజులైంది. "అక్కా, మనయి సుత చచ్చిపోతున్నయ్" అన్నాను. అప్పటికి ఆమె గొంతు కొంచెం వచ్చింది. "మనయి రేపు యాడికన్న పోయేది ఉన్నదా? సునంద పోయేదున్నది. పిల్లల తిండి ఆమె బండి మీదనే పోతది" అన్నది. సునందది పెట్టాం, మిగతావాళ్లవి పెట్టాం. వరసగా నిలబెట్టిన కొత్త బండ్ల మీద నేను రోజూ దుమ్ము తుడిచేదాన్ని. ఒక్కొక్క దాని తాళం తిప్పితే లైటు వెలిగేది, తర్వాత మసకగా వెలిగేది, తర్వాత వెలగలేదు. దసరా అయిపోయింది. షట్టరు మీది బోర్డు దించి ఎరువుల దుకాణం బోర్డు పెట్టారు. మేము అమ్మిన బండ్లలో ఒక్కటి కూడా ఆ సమ్మెలో చావలేదు. చచ్చినవన్నీ మావే. సమ్మె అయిపోయాక అక్క నల్ల బండికి కొత్త బ్యాటరీలు వేయించి భూపాలపల్లికి పంపింది. ఆమె అమ్మిన చివరి బండి అది. సమ్మయ్య దాన్ని కొన్నేళ్లు నడిపాడని విన్నాను.

ఇప్పుడు నేను గిరిజన బాలికల గురుకులంలో తెలుగు చెబుతున్నాను. హాజరు తీసుకునేటప్పుడు పెదవులు మాత్రం కదిపే పిల్లలను వెంటనే గుర్తుపడతాను. నేను నడిపే బండి కూడా మోటార్‌సైకిలే, బ్యాటరీ తేలిక, నిండడానికి పూట పట్టదు. కొమురయ్యకు చెప్పిన రోజు సగం వచ్చిందని అనుకుంటాను. సగమే. అద్దె ఇళ్లలో ప్లగ్గు ఇంటాయన దయ, చెడిపోతే బాగుచేసే చోటు దూరం, ఎండాకాలం నా బండి చెప్పినంత దూరం పోదు. బండి ఎంత మారినా, గోడలోంచి వచ్చే కరెంటు, ఆ గోడ ఎవరిదన్న సంగతి అంత వేగంగా మారలేదు. లావణ్యకు ఇవన్నీ చెప్పాను. అయినా కొన్నది, ఆమె తొవ్వకు అది సరిపోతుంది కనుక.

కొత్త బండి కొన్న ఏడాది చిల్పూరు పోయి అక్కకు చూపించాను. కాలు మరీ సన్నబడి కర్రతో నడుస్తున్నది. నడపమంటే, "వద్దు, ఇగ ఎన్కనే మంచిగున్నది" అని నా వెనక కూర్చున్నది. గుట్ట కింది రోడ్డు మీద తిరిగాం. ఎండల ఎట్లున్నది, వానల ఎట్లున్నది, చెడిపోతె ఏం చేస్తవ్ అని వరసగా అడిగింది. ట్రాలీ ఆటోలో వరంగల్ తీసుకుపోవాలన్నాను. "అయితె ట్రాలీ ఆటో ఇంక బతికే ఉన్నదన్నట్టు!" అని నా వీపు మీద కొట్టి నవ్వింది. ఆ తర్వాత ఆమెను చూడలేదు, మరుసటి వానాకాలంలో పోయింది. బండి చూపించిన ఆ రోజు సాయంత్రం నేను బయల్దేరుతుంటే గేటు వరకు వచ్చి, కర్ర మీద బరువు పెట్టి నిలబడింది. నేను మీట తిప్పాను. బండి చప్పుడు లేకుండా కదిలింది. వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"మూల మీద పిలుసుకుంట పో పిల్లా. ఎవరన్న ఉంటరు."